బేతంచెర్ల ఎర్ర చుక్కలు

కర్నూలులో మా అంగడి గడపకు కొత్త బండ కోయిస్తాంటే, తెల్లటి పొడి ఎగిరి నాలుక మీద సున్నంలా పడింది. ఆ వాసన తగిలితే చాలు, బేతంచెర్ల సాయంత్రాలు ఒంటి మీద పాకుతాయి.

ఎండాకాలం పొద్దు వాలేసరికి పాలిష్ మిషన్ల పొడీ, బండల లారీలు లేపిన దుమ్మూ కలిసి ఊరిని కప్పేసేవి. మిద్దె మీది వడియాలూ, కోసి ఆరబెట్టిన మామిడి ముక్కలూ, మా కనురెప్పలూ అన్నీ ఒకే రంగు. మొదటి చుక్కను ముందు చూసినోళ్ళకు పిడికెడు బొరుగులు పందెం. ఆ చుక్క ఆరిపోబోయే నిప్పురవ్వలా ఎర్రగా ఉండేది. మహానందిలో తెల్లటి చుక్కలు చూసి, దేవుడు మంచి సరుకు గుడి దగ్గర పెట్టుకొని రెండో రకం మా ఊరికి తోలినాడని తేల్చేసినాను. అంగడోళ్ళ బుద్ధి యాడికి పోతాది!

బండల బేరంలో మా తాతను మోసం చేసినోడు లేడు. నీళ్ళు చల్లి, ఎండలో రంగు చూస్తేగానీ నోరు విప్పడు. "దీపం ఎలుతురుకు ఏ బండైనా బంగారమే రా" అనేవాడు.

ఆ సాయంత్రం గాలి లేదు. రోడ్డవతల టీకొట్టుకు పోదామని తాత నా చెయ్యి పట్టుకొని నిలబడినాడు. దుమ్ములో రెండు చుక్కలు, ఎర్రగా, మసకగా. మిషన్ల రొదలో ఇంకో చప్పుడు వినపడదు.

"తాతా, లారీ!"

"ఎనక దీపాలు రా అవి. పోతాండాది. శానా దూరం పోయినాది."

పంచె ఎత్తుకోడానికి నా చెయ్యి వదిలి, రోడ్డు మీదికి దిగినాడు. ఆ చుక్కలు చిన్నవి కాలేదు. పసుపెక్కినాయి. తెల్లబడినాయి. అప్పుడు మోగింది హారన్.

"తెల్ల లైట్లు ఏసుకొనే వస్తాండా సామీ!" అని డ్రైవరు రోడ్డు మీదే కూలబడి ఏడ్చినాడు. అతను చెప్పింది నిజమే. తాత లేవలేదు.

ఇప్పుడు ఆ రోడ్డుకు తారు పడింది, మిషన్లు నీళ్ళు పోసి కోస్తాయి, బొరుగుల పందేలూ లేవు. మొన్న కడపలో ఫిజిక్సు చదివే మా అక్క కూతురు ఫోన్లో ఒక ఫోటో చూపించింది: ఆకాశంలో నల్లటి మబ్బు, దాని అంచున ఎర్రటి చుక్కలు.

"ఇదంతా ధూళే మామా. దీంట్లోనే కొత్త చుక్కలు పుడతాండాయి. వెనకుండేవాటి నీలం వెలుగును ధూళి చెదరగొట్టేస్తాది, ఎరుపే ఎక్కువ మన దాకా వస్తాది. ధూళిని లెక్కేసుకోకపోతే, ఉండేదానికంటే దూరమనుకుంటాం."

పుట్టు బేరగాణ్ణి, ఊరుకోలేకపోయినాను. "ఆ ధూళిని తక్కువ లెక్కేసినారేమో?"

"అయితే అనుకున్నదానికంటే దగ్గరుండాయి" అని నవ్వింది.

అరచేతిలో పట్టే ఆ ఫోటో నుంచి నేను ఒక అడుగు వెనక్కి వేసినాను.