ఉప్పు చూసే పిల్ల

పక్క క్వార్టర్ అత్త పోయింది. రాయపూర్‌లో, మోవా పేటలోని కొడుకింట్లో, పొద్దుటి టీ తాగుతూనే ఒరిగిపోయిందట. తమ్ముడు ఫోన్‌లో ఆ మాట చెప్పేసరికి నా పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఫోన్ పెట్టేశాక, అందులో ఉప్పు వేశానో లేదో ఎంతకీ గుర్తు రాలేదు.

అత్త అంటే మేనత్త కాదు. రాయపూర్ రైల్వే కాలనీలో మా గోడకు ఆనుకున్న గోడ ఆవిడది. వాళ్లదీ మాదీ శ్రీకాకుళం వైపే. ఊరుకాని ఊళ్లో వరసలు కలవడానికి ఆ ఒక్కటీ చాలు.

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు నాన్నకు క్షయ వచ్చి శానటోరియంలో చేర్చారు. సెలవులు అయిపోయాక జీతం ఆగిపోయింది. ఇంట్లో అన్నం గంజి అయింది, గంజి నీళ్లయింది. పక్కింట్లో పోపు వేస్తే నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి.

అమ్మ మహా పంతం మనిషి. అత్త ఒకసారి గిన్నె నిండా అన్నం తెస్తే మూతైనా తీయకుండా తిప్పి పంపేసింది.

"ఇయ్యాల పుచ్చుకుంటే రేపు సెయ్యి సాపడం అలవాటైపోద్ది ఒదినా," అంది.

ఆ వారంలోనే అత్తకు జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ నాలుకకు రుచి పోయిందని కుళాయి దగ్గర అందరితో చెప్పుకుంది. మధ్యాహ్నం నేను బడి నుంచి రాగానే గుమ్మంలో నిలబడి కేకేసింది.

"ఓలే గుంటా, ఇలా రాయే! జరా ఉప్పు సూసి సెప్పు. తేడా వస్తే మీ మావ కంచం ఇసిరేస్తాడు."

అమ్మ గోడ అవతలి నుంచి అడ్డం పడింది. "ఒండిన కుండ ఎంగిలి సేయిస్తావేటి ఒదినా?"

"సిన్నపిల్లలకి ఎంగిలేటే? దేవుడు కూడా ఏటీ అనడు."

ఉప్పు చూడటానికి అరచేతిలో చుక్క చాలు. అత్త నాకు కంచం పెట్టి, అన్నం వడ్డించి, పైన పప్పు పోసింది. "ఉత్త పప్పులో ఏటి తెలుస్తాది? కలుపుకుని సూడు. ఉప్పు అడుక్కి దిగిపోద్ది, అడుగుదాకా సూడు," అంది. తమ్ముడిది పులుపు చూసే పని. ఒక్క నాలిక్కి రెండు పనులు చెప్పకూడదట.

ఆ నాలుక జబ్బు లైనంతా పాకింది. ఎదురింటి ఛత్తీస్‌గఢీ అమ్మ సాయంత్రాలు "ఏ నోనీ, ఏతీ ఆ" అని నన్ను పిలిచి ఆకుకూరలో ఉప్పు చూడమనేది. చివరింటి గార్డుగారి భార్య ఆదివారాలు చేపల పులుసుకు పిలిచేది. మేం ఎక్కడా అడుక్కోలేదు, పనికి పిలిస్తే వెళ్లాం. నేను మొహం గంభీరంగా పెట్టి "కొంచెం తక్కువైంది" అంటే, అత్త భయభక్తులతో ఇంకో చిటికెడు వేసేది.

అమ్మకు తెలియదా? ఒకరోజు కుళాయి దగ్గర బిందె నింపుకుంటూ అడిగింది.

"ఒదినా, నీ నాలిక్కి రుచి ఇంకా రానేదా?"

"నేదే. మా తమ్ముడు ఇంటికొస్తే అదీ వస్తాదేమో."

తమ్ముడంటే మా నాన్న. అమ్మ తల వంచుకుని, బిందె సగమైనా నిండకముందే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ ఆపలేదు.

నాన్న కోలుకుని డ్యూటీలో చేరాక అత్త నాలుక బాగైపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ పిలుపు కోసం ఎన్నాళ్లో గుమ్మంలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా పప్పుగిన్నె దించిన చప్పుడైతే నా చెవి ఆ గొంతునే వెతుక్కుంటుంది. కడుపు నిండిన రోజుల్లో కూడా ఆ పిలుపు కావాలనే ఉంది నాకు.

మోవాలో అత్త పదోరోజు కర్మ అయ్యాక, వడ్డనకు ముందు వంటవాడు పప్పు గుండిగ మూత తీశాడు. ఒకరింట్లో మంచినీళ్లకైనా నోరు తెరవని మా అమ్మ కర్ర ఊతంతో లేచి, గుండిగ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"జరా ఉప్పు సూడనీ బాబూ," అని అరచెయ్యి చాచింది.

అతను గరిటెతో చుక్క వేశాడు. అమ్మ నాలుకకు రాసుకుని, ఎవరూ లేని వైపు తిరిగి, "సరిపోనాది ఒదినా," అంది. మళ్లీ చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.