ఉమ్మడి బాధ్యత అని రాసింది నేనే

2022 జూన్‌లో తార్నాక దగ్గర మేము పనిచేసే యూనివర్సిటీ విభాగం, వారాసిగూడ వైపు ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూలుతో కలిసి స్కూల్ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. బడిని బాగుచేసే పనిని పంతుళ్లు, మేము, బీఎడ్ ట్రైనీలు పంచుకుని చేయాలని ఉద్దేశం. నేను కోఆర్డినేటర్‌ని. అంటే మీటింగులు పెట్టడం, ఎవరి పని వాళ్లకు గుర్తుచేయడం, రిపోర్టులు రాయడం.

ఇలాంటి కార్యక్రమంలో ముందుగా తయారయ్యేది రోల్స్ చార్ట్. ఒక గడిలో పని, పక్క గడిలో ఎవరు చేయాలి, ఆ పక్కన ఎప్పటిలోగా. మా విభాగంలో కూర్చుని దాన్ని రాస్తుండగా, ఆరోగ్య పరీక్షల్లో ఇబ్బంది బయటపడిన పిల్లల్ని ఆసుపత్రికి ఎవరు పంపాలన్న దగ్గర ఆగాం. హెడ్మాస్టరు ప్రసాద్ గారిది గుంటూరు వైపు. చాలా నెమ్మదస్తుడు.

"ఒక్క పేరు రాయండమ్మా. నలుగురివీ రాస్తే నలుగురూ పక్కవాళ్ల వంక చూస్తారు. కావాలంటే నా పేరే రాసేయండి" అన్నారాయన.

"మీ ఒక్కరి మీదే వేస్తే ఇక కలిసి పనిచేయడమేముంది సార్?" అన్నాను. పెద్ద తెలిసినదానిలా నలుగురినీ రాసి, పక్కన 'ఉమ్మడి బాధ్యత' అని చేర్చి, కింద గీత కూడా గీశాను. అందరూ బాగుందన్నారు. నాకూ బాగానే అనిపించింది.

జూలైలో ఆరోగ్య పరీక్షలు జరిగాయి. ఎనిమిదో తరగతి అఖిలకు ఎడమ చెవి కారుతోందని, వెంటనే చెవి డాక్టరుకు చూపించాలని రిఫరల్ స్లిప్ రాసిచ్చారు. పెద్దాసుపత్రికి తీసుకువెళ్లమని చెప్పే చీటీ అది. మూడు ప్రతులుంటాయి. ఒకటి బడికి, ఒకటి మాకు, మూడోది తల్లిదండ్రులకు. మూడింటికీ కలిపి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టారు. మా పట్టికలో ఆమె పేరు ఎదురుగా 'ఇన్ ప్రాసెస్' అని నేనే టైప్ చేశాను. పని నడుస్తోందని దాని అర్థం. ప్రతి నెలా మీటింగులో ఆ మాట చదివేవాళ్లం, తలూపేవాళ్లం, తర్వాతి పేరుకు వెళ్లేవాళ్లం.

డిసెంబరులో ఒకరోజు క్లాస్ టీచర్ సరళ నన్ను వరండాలోకి పిలిచింది.

"అఖిల పిలిస్తే పలుకతలేదు మేడం. పొగరనుకున్న, ఎనక బెంచీల కూసోబెట్టిన. నిన్న దగ్గరికి పోయి చూస్తే చెవుల దూది పెట్టుకున్నది. మీరు దవాఖానకు తీస్కపోయిన్రు గదా?"

"మీరు వాళ్లమ్మకు చెప్పారనుకున్నాను."

"ట్రైనీలు చెప్పిన్రని నేననుకున్న."

ఆ ట్రైనీల శిక్షణ సెప్టెంబరులోనే ముగిసింది. వెళ్లిపోయారు. ఫైలు తీసి చూస్తే మూడు ప్రతులూ పిన్ను ఊడకుండా అలాగే ఉన్నాయి. తల్లిదండ్రుల ప్రతి విడదీసి సంచిలో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే అఖిల ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ యాదమ్మ నన్ను చూడగానే లేచి నిలబడింది.

"మిమ్ముల రోజు చూస్త మేడం. నేను క్యాంపస్ల లేడీస్ హాస్టల్ మెస్సుల చేస్త" అంది.

మా విభాగానికీ ఆ మెస్సుకూ మధ్య ఐదు నిమిషాల నడక. అక్కడ ఎన్నిసార్లు టీ తాగానో లెక్కలేదు. చీటీ చేతికిచ్చి, చార్టులో అందరి పనీ అని రాసుకుని ఎవరమూ ఆమెకు చెప్పని సంగతి చెప్పాను. "చెవు కారుతుంటే నూనె కాచి పోసిన. బడోళ్లు ఏమన్లే, ఏం లేదేమో అనుకున్న" అంది యాదమ్మ. మర్నాడు సెలవు పెట్టి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను.

కర్ణభేరి పాడై, లోపలి చిన్న ఎముకలను చీము తినేసిందని డాక్టరు చెప్పారు. చీటీ తేదీ చూసి, "అప్పుడే తెచ్చి ఉంటే వినికిడి దక్కేదేమో" అన్నారు. ఆపరేషన్‌తో చీము ఆగింది. ఎడమ చెవి వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

కొన్ని రోజులకు యాదమ్మ మెస్సు పని ముగించుకుని మా విభాగానికి వచ్చింది. గోడ మీద చార్టు చూసి, "గిదేనా మేడం ఎవరి పనేందో రాసుకున్న కాయితం? నాకు సదువు రాదు. సదివి చెప్పుండ్రి" అంది.

చదివాను. హెడ్మాస్టరు, క్లాస్ టీచర్, యూనివర్సిటీ, ట్రైనీలు.

"గీ కాయితంల నేనేడున్న?"

"లేరమ్మా."

ఆమె కేకలు వేయలేదు, ఏడవలేదు. "ఒక్క మాట చెప్తే అయిపోతుండె. నేను గీడనే ఉంటి గదా" అని కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇప్పుడు నేను రాసే చార్టులో ఒక పనికి ఒకే పేరు ఉంటుంది. పిల్లల ఆరోగ్యం సంగతైతే, తల్లికో తండ్రికో స్వయంగా చెప్పాకే అక్కడ తేదీ వేసి సంతకం చేస్తాను. ఈ పద్ధతి బాగుందని మా పైవాళ్లు వేరే బడుల్లోనూ పెట్టించారు. మెచ్చుకున్నప్పుడల్లా తల దించుకుంటాను. ఇది నేర్చుకోవడానికి అయిన ఖర్చు నాది కాదు.

అఖిల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. అమ్మ కోసం వచ్చినప్పుడు క్యాంపస్‌లో ఎదురవుతుంది. నేను పలకరించబోతే ఒక్క క్షణం ఆగమన్నట్టు చెయ్యి చూపి, నా చుట్టూ తిరిగి వచ్చి, కుడి చెవి నా వైపు పడేలా నిలబడి అంటుంది: "ఇప్పుడు చెప్పుండ్రి మేడం."