ఇంట్లో హిందీలోనే మాట్లాడండి

తొంభైల్లో మాట. మా పాప ఒకటో క్లాసులో చేరిన నెలకే టీచర్ నన్ను పిలిపించింది. "పాపకి హిందీ రావడం లేదు. ఇంట్లో మీ భాష మానేసి హిందీలోనే మాట్లాడండి" అని నాకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది. అచ్ఛా, ఠీక్ హై అని తలూపి వచ్చేశాను. అప్పటికి మేం ఢిల్లీ కంటోన్మెంట్‌కి వచ్చి మూడు నెలలు. మా ఆయన మిలటరీ. ఆ ఏడంతా బోర్డర్‌లోనే ఉన్నారు. ఇంట్లో నేనూ, పాపే.

నాకున్న హిందీ అంతా కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నది. దాంతో ఆరేళ్ల పిల్లని ఎలా ముద్దుచేస్తాం? ఆవో, ఖావో, సో జావో అనేదాన్ని. మిగతాదంతా మింగేసేదాన్ని. జడ వేస్తూ చెప్పే కథలు ఆగిపోయాయి. బడి నుంచి ఏడుస్తూ వచ్చిన రోజు కూడా ఏమైందమ్మా అని అడగలేదు, వీపు నిమురుతూ కూర్చున్నాను. పిచ్చిమొహాన్ని, టీచర్ మాట వేదమనుకున్నాను.

పరీక్షలయ్యాక మళ్లీ వెళ్లాను. టీచర్ మహా సంబరంగా ఉంది. పాపని నిలబెట్టి, అమ్మ గురించి చెప్పమంది. అది చేతులు కట్టుకుని గడగడా హిందీలో చెప్పింది. నాకూ అర్థమయ్యేంత తేలిక మాటలే.

"మా అమ్మ మంచిది. మా అమ్మ నాకు జడ వేస్తుంది. మా అమ్మ నాతో మాట్లాడదు."

"చూశారా, ఒక్క తప్పు లేదు!" అంది టీచర్.

అచ్ఛా, ఠీక్ హై అన్నాను.