మా ఆయన పేరు పలికిన గొంతు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా ఆయన పోయాక కూడా అదే గదిలో, అదే చాప మీద ఒక్కదాన్నే పడుకున్నాను. ఏదీ కనపడలేదు, ఏదీ వినపడలేదు. ఒక్కసారైనా కనపడితే బాగుండునని ఏడ్చిన రోజులున్నాయి. అప్పుడు రానిది, వెబ్‌సైట్ పని జరుగుతుంటే పట్టపగలు వచ్చింది. వచ్చింది అనవచ్చో లేదో కూడా నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

బొమ్మసంద్ర ఫ్యాక్టరీల వెనక మా వీధులు. అక్కడ ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పుతూ, వీధుల్లో నీళ్ళ కోసం, కాలువల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఒక సంస్థ ఉంది. పిండి మర మీది మేడగదే దాని ఆఫీసు. నేను అక్కడ ఊడుస్తాను, టీ పెడతాను, కుట్టు మిషన్లకు నూనె వేస్తాను. చదువు సంతకం వరకే.

ఆ సంస్థకు వెబ్‌సైట్ చేయడానికి శైల అనే అమ్మాయి సెలవు రోజుల్లో వచ్చేది. విజయవాడ పిల్ల, కుందలహళ్ళిలో కంప్యూటర్ ఉద్యోగం. మొదట తయారుచేసింది చూపించగానే మా పొదుపు సంఘం పెద్ద మునిరత్నమ్మ మూతి విరిచింది.

"ఏమ్మా, అంతా రాతలే ఉండాయి. మాలాంటోళ్ళు దీంట్లో మొగం చూసుకోవల్లనా?"

శైల నవ్వేసి పద్ధతంతా మార్చింది. బొమ్మ మీద వేలు పెడితే గొంతు వినిపించాలి. కుట్టుపని బొమ్మకు కుట్టేవాళ్ళ గొంతు, పొదుపు బొమ్మకు సంఘం వాళ్ళ గొంతు. సంస్థ కోసం పాటుపడి చనిపోయినవాళ్ళకు వేరే పేజీ. వాళ్ళ ఫోటో మీద నొక్కితే వాళ్ళ పేరు, చేసిన పని, ఇంట్లోవాళ్ళ గొంతులోనే వినిపించాలి. గొంతు లేని ఫోటో ఆ పేజీలో వద్దని మీటింగులో అందరూ అనుకున్నారు.

ఆ పేజీలో మా ఆయన ఉండాలి. మా వీధులకు మొదటి నీళ్ళ పైపు వేసింది ఆయనే. ఊరంతా నీళ్ళ మేస్త్రి అనే పిలిచింది. అసలు పేరు మునిరత్నమ్మకు కూడా తెలియదు. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ళకు అలాంటి మనిషి ఒకడున్నాడనే తెలియదు. మాకు పిల్లలు లేరు. నేను పోతే ఆయన ముఖం గుర్తుపట్టేవాళ్ళు ఉండరు. నా ఆశంతా ఆ పేజీ మీదే.

లారీల చప్పుడు పడకూడదని శైల కిటికీలకూ తలుపుకూ మేం కుట్టిన బొంతలు వేలాడదీసింది. బయట సన్నగా వాన. కరెంటు పోయి కింద మర కూడా ఆగింది. ఎర్రవీ పచ్చవీ గుడ్డముక్కల్లోంచి వెలుతురు వడగట్టినట్టు వచ్చి గోడల మీద మెల్లగా కదులుతోంది. నీళ్ళ అడుగున కూర్చున్నట్టుంది. లోపల శైల, మునిరత్నమ్మ, నేను, ముగ్గురమే.

ఫోన్ ముందు పెట్టుకుని చెప్పాను. మోకాళ్ళ లోతు బురదలో ఆయన గొట్టాలు బిగించింది, నీళ్ళు వచ్చిన రోజు తను తాగకుండా పక్కింటి ముసలమ్మకు మొదటి చెంబు పట్టింది, అన్నీ చెప్పాను. "ఆయన పేరు..." అని ఆగిపోయాను.

మాలో పెళ్ళాం మొగుడి పేరు పలకదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. పోయిన మనిషికి ఇంకేం తగ్గుతుంది? నాకూ తెలుసు. అయినా నాలుక కదలదు.

"చెప్పక్కా," అంది మునిరత్నమ్మ. "ఆయప్ప లేచొచ్చి కొడతాడా ఏమి?"

"నువ్వు చెప్పు మీ ఆయన పేరు, చూస్తాను."

"మా ఆయప్ప ఇంకా బతికుండాడు తల్లీ. నాకెట్ల అవుతుంది?"

నవ్వుకున్నాం. ఫోన్ ఆపలేదు, అదంతా అందులో పడుతూనే ఉంది. మళ్ళీ నోరు తెరిచాను. మాట రాలేదు. ముగ్గురం వాన చప్పుడు వింటూ చాలాసేపు ఊరికే కూర్చున్నాం.

శైల ఫోన్ ఆపేసింది. "పర్లేదు ఆంటీ, టెన్షన్ పడకండి. రేపు అంకుల్ ఆధార్ కార్డ్ తెచ్చి చూపించండి. ఆ గ్యాప్‌లో పేరు నేనే చెప్పి పెట్టేస్తా."

సరేనన్నాను. కానీ ఆయన్ని ఎన్నడూ చూడని పిల్ల గొంతులో ఆయన పేరా అనిపించింది.

ఫోన్‌లో పడినదాన్ని శైల ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని వింటోంది. ఒకచోట ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ వింది.

"పేరు చెప్పేశారుగా ఆంటీ! ఇంక కార్డెందుకు?" అంది. అని, ఆ పేరు పలికింది. మా ఆయన పేరే. ఒక్క అక్షరం తప్పు లేదు.

అందరికీ వినపడేలా బయటికి పెట్టమన్నాను. నా మాటలు వచ్చాయి, మునిరత్నమ్మ ఎగతాళి వచ్చింది, నవ్వులు వచ్చాయి. తర్వాత వాన. ఆ వానలో మెల్లగా, నిద్రలో ఒత్తిగిల్లుతూ అన్నట్టు, ఆ పేరు ఒక్కసారి. కొంచెం బొంగురు. ఆయన గొంతు. నాకు భయం వేయలేదు. ఎండలో నడిచొచ్చి నీడలో కూర్చున్నట్టయింది.

"ఇది మీ గొంతే ఆంటీ," అంది శైల.

మునిరత్నమ్మ చెంపలు వేసుకుంది. "లేదప్పా. నేను పక్కనే ఉండాను. ఈమె పెదవి కదల్లేదు." ఎవరి గొంతంటే మాత్రం ఆమె తేల్చలేకపోయింది.

"ఫోన్‌లో ఏదో ప్రాబ్లమ్ అయ్యుంటుంది. డిలీట్ చేసి మళ్ళీ రికార్డ్ చేద్దామా?" అని శైల అడిగింది. వద్దని ఆమె చేయి పట్టుకున్నాను.

ఇప్పుడు ఆయన ఫోటో ఆ పేజీలో ఉంది. కొత్త ఆడపిల్లలు వేలు పెట్టి వింటారు. కొందరు మగగొంతు అంటారు, కొందరు నాదే అంటారు. నేను వాదించను.

నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది శైలే. "పేరు ఇక్కడ రాయనా ఆంటీ?" అని అడిగింది. వద్దు, కావలసినవాళ్ళు నొక్కి వింటారు అన్నాను. "మీ గొంతే వింటారు," అంటూ ఇప్పటికీ తల ఊపుతోంది.

నా గొంతే కావచ్చు. కానీ నేను ఆ పేరు ఇంతవరకూ పలకలేదు.