వరదను వదిలేసిన బాణం

తొంభైల్లో కరీంనగర్‌లో కంప్యూటర్ డిప్లొమా చివరి పరీక్ష నాటికి నాకు ఏడో నెల. ఈసారి తప్పితే చంటిబిడ్డతో మళ్లీ రాయగలనన్న నమ్మకం లేదు.

మంథని దగ్గర గోదావరి నీటిమట్టాల గ్రాఫ్ నా ప్రాజెక్టు. సి భాషలోని గ్రాఫిక్స్ లైబ్రరీతో గీశాను. ఎగ్జామినర్ అంతా చూసి, "అన్నిట్ల పెద్ద వరద ఏదో నా ముంగటనే బాణం గీసి చూపియ్యమ్మా" అన్నారు.

నాలుగు వరుసల ప్రోగ్రాం రాసి నడిపించాను. బాణం వరదను వదిలేసి స్క్రీన్ అడుగున, ఖాళీలో పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. జర నీళ్లు తాగి మల్ల చూడు" అన్నారాయన.

తాగి చూశాను. స్క్రీన్ మీద ఎత్తు లెక్క పైనుంచి కిందికి నడుస్తుంది, అంకె పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది. గ్రాఫ్ గీసేటప్పుడు దాన్ని తిప్పి రాసిన నేను, బాణం దగ్గర మరిచిపోయాను. ఒక్క వరుస మార్చగానే బాణం మొన సరిగ్గా పెద్ద వరదను తాకింది.

"కొలువుల చేరిన కొత్తల నేను గూడ గిట్లనే చేసిన" అని నవ్వి, మార్కులు వేశారు.

బయట బెంచీ మీద మా అవ్వ, "ఏమాయె బిడ్డా?" అంది.

"పాసైన."

అవ్వ నా కడుపు మీద చెయ్యేసి, "ఇగ నువ్వు నిమ్మలంగ పండుకో" అని లోపలున్న బిడ్డకు చెప్పింది.

ఆయన ఆ రోజు గద్దించి ఉంటే, ఆ ఒక్క వరుస నాకు కనిపించేదే కాదు.