పెడన బావ ఇరుక్కున్న బిలం

మా బందరు వైపు నేల ఎంత చదునంటే, గడ్డివాము ఎక్కితే కొండెక్కినట్టే లెక్క. రెండు గజాలు తవ్వితే నీళ్ళు పడతాయి కాబట్టి గుహల సంగతి మాకు సినిమాల్లోనే తెలుసు. అలాంటివాళ్ళం నలుగురం పల్నాడులో, పిడుగురాళ్ళ అవతల ఒక బిలంలో దూరదామని బయల్దేరాం. ఆలోచన సత్యం బావది. పెడనలో కలంకారీ అద్దకం పని ఆయనది. చుట్టరికమేమీ లేదు, అందరికీ బావే.

పొద్దున్నే నేనూ, గిలకలదిండిలో బోటు నడిపే నాగరాజూ బందరులో రైలెక్కాం. పెడనలో బావా, ఆయన పక్కింటి డేవిడ్ గారూ ఎక్కారు. డేవిడ్ గారు రిటైరైన టీచరు, చర్చిలో పాటలు ఆయనే నడిపిస్తారు. గుడివాడ వచ్చేలోపే తెచ్చుకున్న ఇడ్లీలు అయిపోయాయి. అక్కడ బావ దిగి గారెలు పట్టుకొచ్చాడు. గుడ్లవల్లేరులో ఎక్కిన పెద్దావిడ మా సంగతి విని, "ఇంత తిని గుహలో ఎలా దూరతారు బాబూ?" అంది. బావ నవ్వి ఆవిడకీ ఒక గారె పెట్టాడు.

బెజవాడలో కారు మాట్లాడుకుని, పదకొండు దాటాక బిలం చేరాం. గైడు తలా ఒక టార్చి ఇచ్చి తన వెనకే రమ్మన్నాడు. మొదట నడిచాం, తర్వాత వంగాం, ఆపైన పాకాం. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, ఉక్కకి చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి. ఫొటోల మోజులో వెనకబడి, తలెత్తి చూస్తే గైడు లేడు. ముందు మూడు దారులున్నాయి.

ఇక్కడే మా డెల్టా బుర్ర పనిచేసింది. కాళ్ళ కింద సన్నగా నీళ్ళు పారుతున్నాయి.

"నీళ్ళు ఎటు పోతే అటే పోదాం. కాలవ పట్టుకుని నడిస్తే ఊరు రాకుండా ఉంటుందా?" అన్నాడు బావ.

ముగ్గురం సరేనన్నాం. నీరు పల్లమెరుగు అంటారు కదా. మా వైపు పల్లమంటే సముద్రం, అంటే ఆరుబయలే. బిలంలో పల్లమంటే ఇంకా లోపలికేనని నలుగురిలో ఒక్కడికీ తట్టలేదు.

దారి సన్నబడింది. ముందు దూరిన బావ బొజ్జ దగ్గర ఆగిపోయాడు. మాకు కనిపించేవి రెండు కాళ్ళే. మొదట నవ్వాం. నాగరాజు ఆ కాళ్ళు పట్టుకుని వల లాగినట్టు లాగాడు, మనిషి కదల్లేదు. బావ భయపడేకొద్దీ ఊపిరి గట్టిగా పీలుస్తున్నాడు, పీల్చేకొద్దీ ఇంకా బిగుసుకుంటున్నాడు. "ఊపిరాడట్లేదురా" అని సన్నగా వినిపించింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. పెడన వెళ్ళి బావ భార్యకి ఏం చెప్పాలన్నదే బుర్రలో తిరుగుతోంది.

డేవిడ్ గారు మాత్రం నెమ్మదిగా వంగి, "సత్యం గారూ, పాడండి. ఊపిరంతా అయిపోయేదాకా పాడండి" అన్నారు.

ఏం పాడాలని బావ అడగలేదు. హల్లెలూయ అని అందుకున్నాడు. చర్చి మైకు తెల్లారగట్ల నిద్ర చెడగొడుతోందని డేవిడ్ గారితో ఏళ్ళ తరబడి పోట్లాడుతున్న మనిషికి పాటంతా కంఠతా వచ్చు. చివరి మాట సాగదీసి, ఊపిరి ఖాళీ అయి బొజ్జ దిగగానే లాగాం. మూడో చరణానికి బావ బయటపడ్డాడు, చొక్కా లోపలే ఉండిపోయింది. ఆ పాట ఆనవాలు పట్టి గైడు వచ్చి, పల్నాడు యాసలో తిడుతూనే మమ్మల్ని పైకి చేర్చాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పేదొక్కటే. గైడుని వదలకండి, గారెలు తిరుగు ప్రయాణానికి దాచుకోండి.

సాయంత్రం బెజవాడలో బందరు రైలెక్కాం. బావ డేవిడ్ గారి తువ్వాలు కప్పుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. గుడివాడ దాటాక సందె వెలుతురులో వరిచేలు, ఎంత దూరం చూసినా చదునే. అది ఇంత అందంగా ఉంటుందని నాకెప్పుడూ అనిపించలేదు. పెడన వస్తుండగా బావ ఇటు తిరిగాడు.

"డేవిడ్ గారూ, ఆ మైకు సంగతి మాట్లాడాలండీ."

ఇంకా వదల్లేదా అన్నట్టు డేవిడ్ గారు నిట్టూర్చారు.

"రెండో చరణంలో మీవాళ్ళు ఊపిరి చాలక మధ్యలో తెంపేస్తున్నారు. అక్కడ తెంపకూడదండీ. రేపు నేనొచ్చి చూపిస్తాను."