పేగు తీసుకునే వాటా

మా వార్డు వంటగదిలో పెసరకట్టు పొంగి పొయ్యి మీద పడితే ఒక మాడు వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఆదిలక్ష్మి మేడం గుర్తొస్తారు. శ్రీకాకుళంలో ఈ పిల్లల ఆసుపత్రిలోనే ఎవరికి ఏం తినిపించాలో చెప్పే ఉద్యోగం ఆవిడది. నేను ఆవిడ కింద పని నేర్చుకున్నాను. పొట్టి మనిషి, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. అరసవల్లి నుంచి ఆటోలో వచ్చి, సంచీ కింద పెట్టకముందే పిల్లల గిన్నెల్లోకి తొంగిచూసేవారు. గిన్నెలో తిండి మిగిలి ఉంటే ముందు నాకే చీవాట్లు.

ఒకసారి కళింగపట్నం నుంచి విరేచనాలతో నీరసించిన పసివాణ్ణి తెచ్చారు. వాడి నాయనమ్మ నీళ్లు తప్ప ఏమీ పెట్టనివ్వలేదట. "కడుపు మాడిస్తే అదే కట్టేస్తాది. మా ఇంట్లో అందరికీ ఇలాగే సేసినాం," అంది. నేను కస్సుమనబోయాను. మేడం నా చెయ్యి పట్టి ఆపి, వెళ్లి ఆ ముసలావిడ పక్కన నేల మీద కూర్చున్నారు.

"సూడత్తా, పేగు లోపల సన్నటి పొర ఉంటాది. అది రాలిపోతా ఉంటాది, కొత్తది కట్టుకుంటా ఉంటాది. అలా కట్టుకోడానికి పప్పులోది, గుడ్డులోది సత్తువ కావాల. మనం తిన్నది ఒంటికి పోకముందే దారిలో పేగు తన వాటా తీసుకుంటాది. కూడు ఆపేస్తే పాత పొర పోతాది, కొత్తది సరిగ్గా రాదు. మరి రేపు ఈడు తిన్నది ఒంటికి పట్టేదెలాగ?"

ముసలావిడ మనవడి పొట్ట తడిమి చూసింది. "అయితే పేగు కూడా ఆకలితోనే ఉన్నాదేటి?" అంటూ పెసరకట్టు గిన్నె తనే అందుకుంది. పేగు పొరలో ప్రోటీన్ల తయారీ గురించి పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నా బుర్రకెక్కలేదు. ఆ పూట ఎక్కింది. పసివాడు కోలుకుని ఇంటికెళ్లాడు.

కొన్నేళ్లకు మేడంకే కడుపులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు తినొచ్చన్న రోజు నుంచి నేనే పెసరకట్టు పలచగా వడగట్టి పట్టుకెళ్లేదాన్ని. చెంచాడు మింగి, "పేగుకి పని దొరికిందే," అని నవ్వేవారు. ఆ నవ్వు చూసి గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. జబ్బు తిరగబెట్టింది, ఇక చేసేదేం లేదని ఇంటికి పంపేశారు. అయినా నేను మానలేదు. ఆవిడ కక్కుకుంటున్నా, నోరు తుడిచి మళ్లీ చెంచా అందించేదాన్ని.

ఒక ఉదయం ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. "ఒసే, ఇంక ఆపేయే."

"పేగుని మాడ్చకూడదని మీరే కదా చెప్పారు మేడం."

"సెప్పినాను. కోలుకునే పిల్లల కోసం సెప్పినాను. నాకు ఆకల్లేదే. నీ మొకం సూసి మింగుతన్నాను."

గిన్నె పక్కన పెట్టేశాను. అంతకాలం నేను తినిపిస్తున్నాననుకున్నాను, ఆవిడేమో నా కోసం ఓర్చుకున్నారు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ నా తల నిమురుతూ పడుకున్నారు. ఆ వారంలోనే పోయారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. ఎలా తినిపించాలో తల్లులకు గడగడా చెప్పేస్తాను. ఇక కోలుకోని బిడ్డ నోటికి చెంచా అందిస్తూ ఏ తల్లైనా నా వైపు చూస్తే మాత్రం పక్కనే కూర్చుండిపోతాను. ఆపమన్న మాట ఎంత మెత్తగా చెప్పాలో అడుగుదామంటే మేడం లేరు.